అల్లుడి వాటా

ఎమ్దాంత్సానే
ఫిబ్రవరి, 2004

వూయోకి,

ఈ ఉత్తరంలో తప్పులుంటే సర్దుకో. ఎడమచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. బ్రెయిల్ మిషన్‌కి రెండు చేతులూ కావాలి కదా, అందుకని బళ్ళో ఉన్నప్పటి పలకా సూదీ బయటికి తీసి ఒక్కో చుక్కా పొడుస్తున్నాను. టీచరమ్మ వేళ్ళమీద కొట్టి నేర్పిన చదువు ఇన్నేళ్ళకి పనికొచ్చింది.

టాక్సీల అడ్డాకి వెళ్ళే దారిలో మురుగుకాలవ మూత ఎవడో పీక్కెళ్ళి పాత ఇనుము కొట్టుకి అమ్ముకున్నాడు. ముందురోజు దాకా ఉంది. పొద్దున కర్ర కొసకి గాలి తగిలింది. అది గాలి అని బుర్రకి తెలిసేసరికి కాలు కూడా గాలిలోనే ఉంది. నడుందాకా దిగబడ్డాను. కర్ర విరిగింది, చెయ్యి విరిగింది. నన్ను పైకి లాగినవాళ్ళలో ఎవరో నా చేతిసంచీ కూడా లాక్కుపోయారు. ఎవరని అడగను?

ఆఫీసులో మా పెద్దావిడ మెత్తగానే చెప్పింది. టెలిఫోను బోర్డు ముందు మనిషి లేకపోతే ఎలా జొలెకా, ఏడాది తిరక్కుండా ఇది రెండోసారి, తోడొచ్చి దిగబెట్టేవాళ్ళు ఎవరూ లేరా అంది. నలభై ఏళ్ళదాన్ని, ఇంకొకరి మోచెయ్యి పట్టుకుని ఉద్యోగానికి వెళ్ళనా? ఆ మోచెయ్యి వదిలించుకోవడానికే కదే చిన్నప్పట్నుంచీ నువ్వూ నేనూ కొట్టుకు చచ్చింది. ఇంకోసారి పడితే ఉద్యోగం ఉండదు. ఉద్యోగం లేకపోతే నేను ఇంట్లో ఒక మూల కుర్చీని. అంతకుమించి ఏమీ కాను.

నువ్వు పోరుతున్న దారిచూపే కుక్క సంగతి చివరికి అమ్మ దగ్గర ఎత్తాను. అమ్మ గుగ్గిళ్ళు కలుపుతోంది. గరిట ఆగిపోయింది. తర్వాత అంది: "ఈ గుమ్మంలోకి కుక్క వస్తే ఆ గుమ్మంలోంచి నేను పోతాను. తెంబిలేని తిన్న జాతి అది."

మా తెంబిలే సంగతి నీకు తెలుసు. ఎనభై అయిదులో ఊరేగింపు మీదికి పోలీసులు కుక్కల్ని వదిలినప్పుడు అన్నయ్య మా ఇంటి కంచెదాకా పరిగెత్తుకొచ్చాడు. కంచె దాటలేకపోయాడు. అమ్మ చూసింది. నేను చూడలేదు, విన్నాను. ఇప్పటికీ ఎక్కడన్నా కుక్క గుర్రుమంటే నా అరికాళ్ళు చల్లబడతాయి. అలాంటిదాన్ని నేను కుక్కని పట్టుకుని నడవాలా?

కర్ర పట్టుకుంటే గోతిలో పడతాను, కుక్కని పట్టుకుంటే అమ్మని పోగొట్టుకుంటాను. ఏం చెయ్యమంటావో చెప్పు. నాకు మాత్రం ఏమీ తోచడం లేదు.

జోలీ

◆

న్యూ బ్రైటన్, పోర్ట్ ఎలిజబెత్
మార్చి

ఒసే జోలీ,

నీ పలకచుక్కలు చదవలేక నా వేళ్ళు అరిగిపోయాయి. త్వరగా చెయ్యి బాగుచేసుకో.

కుక్కంటే స్వర్గం అని నేనెప్పుడూ చెప్పలేదు. వానొస్తే ఇల్లంతా తడికుక్క వాసన. నా నల్ల గౌను మీద మా కుక్క టెస్సా బొచ్చు లేని రోజు లేదు. మా ఆయన లుంగిలే, నాకంటే నీకు అదే ఎక్కువైపోయిందని ఇప్పటికీ మూతి ముడుస్తాడు. టాక్సీవాడు కుక్క ఎక్కితే జనం దిగిపోతారంటాడు. నిజంగానే దిగిపోతారు. ఒకావిడ అయితే కిటికీలోంచి దూకబోయింది. మనవాళ్ళకి కుక్కంటే భయం ఊరికే రాలేదు, ఆ సంగతి నీకు నేను చెప్పాలా?

కానీ కర్రకీ కుక్కకీ తేడా ఏమిటో చెప్తాను విను. కర్ర నీకు వార్త చెప్తుంది, అది కూడా ఆలస్యంగా. ఇక్కడ స్తంభం ఉంది, ఇక్కడ గొయ్యి ఉంది, ఇక నీ చావు నువ్వు చావు అంటుంది. కుక్క వార్త చెప్పదు. స్తంభం ఉన్నట్టే నీకు తెలీకుండా పక్కనుంచి తీసుకుపోతుంది. టెస్సాతో మొదటిరోజు నేను బజారు దాటేశాక, బజారు ఇంకా రాలేదేమిటని అడిగాను. గబగబా నడవడం అంటే ఏమిటో పెళ్ళయిన ఇన్నేళ్ళకి అప్పుడే తెలిసింది. నవ్వకు.

మీ అమ్మ బాధ నేను కాదనను. కానీ ఆ పోలీసు కుక్కలకి కరవడం నేర్పింది మనుషులే. దీనికి నడిపించడం నేర్పిందీ మనుషులే. మీ అమ్మకి ఆ మాట నువ్వు కాదు, కుక్కే చెప్పాలి. జోహన్నెస్‌బర్గ్‌లో ఈ కుక్కల్నిచ్చే బడికి నీ పేరు నేను పంపేశాను. తిట్టాలనుంటే వచ్చే ఉత్తరంలో తిట్టు, మిషన్ మీద మాత్రం కొట్టు.

నీ వూయో

◆

జోహన్నెస్‌బర్గ్
జూన్

వూయో,

తిట్టడానికి ఓపిక లేదు. ఒళ్ళంతా నొప్పులు.

వచ్చేముందు అమ్మ మాట్లాడలేదు. బట్టలు మూటకట్టుకుని కింగ్ విలియమ్స్ టౌన్‌లో పెద్దమ్మ ఇంటికి వెళ్ళిపోయింది. గేటు దగ్గర మాత్రం అంది, "నీ కళ్ళ కోసం నా కళ్ళముందు దాన్ని తిప్పుతావన్నమాట" అని. ఆ మాట రైలంతా నా పక్కనే కూచుని వచ్చింది.

ఇక్కడ నేర్పే ఆవిడ పేరు హెస్టర్. మొదటి రోజు కుక్కని ఇవ్వలేదు. కుక్క నడుముకి కట్టే తోలుపట్టీ ఉంటుంది కదా, దాన్ని తనే పట్టుకుని ముందు నడుస్తూ, వెనక పిడి నా చేతికిచ్చింది. నేనే నీ కుక్కని, నడువు అని నాకు ఆజ్ఞ ఇవ్వు అంది. నా నడక జోరెంతో తెలిస్తేగాని దానికి తగ్గ కుక్కని జతచెయ్యరట. నీకూ ఇలాగే చేశారా? ఒక తెల్లావిడని వీధిలో ముందుకు తోలుతూ, ఎడమకి తిరుగు, ఆగు, మంచిపిల్ల అని మెచ్చుకుంటూ తిరిగాను. తెంబిలే ఉంటే కిందపడి దొర్లి నవ్వేవాడు. ఆ మాట తోచగానే ఏడుపొచ్చింది. నా కుక్క ఆగి, ఏమైంది అని అడిగింది.

తర్వాత రోలోని తెచ్చారు. లాబ్రడార్, పసుపు రంగట. నా ఒళ్ళో తల పెట్టినప్పుడు నా అరికాళ్ళు చల్లబడ్డాయి. చెయ్యి తీసెయ్యాలనిపించింది. తియ్యలేదు. దాని చెవులు మన బళ్ళో దుప్పట్లంత మెత్తగా ఉన్నాయి. దాని గుండె నాకంటే గట్టిగా కొట్టుకుంటోంది. నన్ను చూసి అదీ భయపడుతోందే, వూయో.

ఇంటికి తీసుకెళ్తాను సరే, ఆ ఇంట్లో ఎవరుంటారు?

జోలీ

◆

ఎమ్దాంత్సానే
సెప్టెంబరు

వూయో,

అమ్మ తిరిగొచ్చింది. నాకోసం కాదు. పెద్దమ్మ కోడలితో పడక వచ్చింది.

వచ్చిన మొదటి వారం తన గది తలుపుకి లోపలినుంచి కుర్చీ అడ్డం పెట్టుకుంది. రోలో వంటింట్లో ఉంటే తను వాకిట్లో, రోలో వాకిట్లో ఉంటే తను వంటింట్లో. అన్నం గిన్నె నా ముందుకి చీపురుకట్టతో తోసేది. "ఆ వస్తువు" అనేది దాన్ని. రోలో మాత్రం ఏమీ పట్టించుకోలేదు. అమ్మ గది తలుపు ముందు పడుకుని, తలుపు కింద సందులో ముక్కు పెట్టి నిట్టూర్చేవాడు.

మా పక్కింటి నోవేతు నోరు నీకు తెలుసుగా. ఒకరోజు నేను రోలోతో అడ్డానుంచి వస్తుంటే గోడమీంచి కేక పెట్టింది: "మాడ్లోమో, నీ కూతురు ఇన్నాళ్ళకి మొగుణ్ణి తెచ్చుకుంది. చూడు, ఎంత బుద్ధిగా ముందు నడుస్తున్నాడో. తాగడు, తిట్టడు, జీతం అడగడు." అమ్మని వీధంతా పుట్టింటి వంశం పేరుతో మాడ్లోమో అనే పిలుస్తారు. అమ్మ నవ్వకుండా ఉందామని చూసింది. వల్లకాలేదు. అదే సమయమని హెస్టర్ నాకు కుక్కయిన కథ కూడా చెప్పేశాను. తెల్లావిడ పట్టీ పట్టుకుని నడిచిందా అని మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది. తెంబిలే పోయాక అమ్మ అలా నవ్వడం నేను వినలేదు.

అప్పట్నుంచీ వాడు అల్లుడు. మొదట ఎగతాళికి, తర్వాత అలవాటుకి. అల్లుడికి నీళ్ళు పెట్టావా అంటుంది. అల్లుడికి చలేస్తుందేమో చూడు అంటుంది. మొన్న ఉరుము ఉరిమితే వాడు వణుకుతున్నాడని తన గదిలోకి పిలుచుకుంది. కుర్చీ తీసిన చప్పుడు నేను విన్నాను.

ఇక నా సంగతి. వూయో, నేను ఒంటరిగా నడుస్తున్నాను. ఆ మూతలేని గొయ్యి ఇంకా అలాగే ఉంది. రోలో ఆగుతాడు, పక్కకి తిరుగుతాడు, మళ్ళీ దారిలో పెడతాడు. ఆఫీసుకి ఎవరూ దిగబెట్టక్కర్లేదు. సాయంత్రం ఊరికే, ఏ పనీ లేకుండా, సముద్రం ఒడ్డున దిగి నడిచాను. ఏ పనీ లేకుండా నడవడం ఇదే మొదటిసారి.

డిసెంబరులో అన్నయ్యకి కార్యం చేస్తున్నాం. చనిపోయినవాణ్ణి ఇంటికి పిలుచుకునే ఆ కార్యం ఇన్నేళ్ళుగా వాయిదా పడుతూనే ఉంది. ఇప్పుడు చెయ్యాలని అమ్మే అంది. కుక్క ఇంట్లో ఉండగానే చేద్దాం, తెంబిలే చూడాలి అంది.

జోలీ

◆

న్యూ బ్రైటన్
అక్టోబరు

జోలీ,

నీ ఉత్తరం లుంగిలేకి చదివి వినిపించాను. అల్లుడి ముక్క దగ్గర ఆయన కూడా నవ్వాడు. టెస్సాని కోడలుగా తెచ్చుకుంటారేమో మాడ్లోమోని అడగమన్నాడు.

ఒక్క మాట విను, ఇది నవ్వులాట కాదు. కార్యం రోజు రోలోని గదిలో పెట్టి తలుపు వేసెయ్. మా మరిది సున్తీ అయి మగాళ్ళలో కలిసిన పండక్కి టెస్సాకి ప్రతివాడూ ఒక ముక్క విసిరాడు. మూడు రోజులు కక్కింది. మనవాళ్ళు ప్రేమ చూపిస్తే తిండితోనే చూపిస్తారు. అందరికీ ముందే చెప్పు, వాడికి తిండి పెట్టేది నువ్వొక్కదానివే అని. అమ్మకి కూడా చెప్పు.

కార్యం ఎలా జరిగిందో అంతా రాయాలి. ఎవరు తాగి పాడారు, ఎవరు అలిగారు, అన్నీ.

వూయో

◆

ఎమ్దాంత్సానే
జనవరి, 2005

వూయో,

కార్యం బాగా జరిగింది. మేకని కోశాం. కొమ్మల మీద మాంసం పరిచి అందరికీ వరస ప్రకారం పంచారు. జొన్నబీరు పులుపు సరిగ్గా కుదిరిందని మామయ్యలు మెచ్చుకున్నారు. నోవేతు పాడింది, గొంతు పోయింది. అమ్మ సంతోషంగా ఉంది. తెంబిలే ఇంటికొచ్చాడని తనకి తెలిసిందట. మంచి నిద్ర పడుతోందట.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. నీ ఆరోగ్యం జాగ్రత్త.

జోలీ

◆

న్యూ బ్రైటన్
ఫిబ్రవరి

జోలీ,

ఇది ఉత్తరమా, పోస్టుకార్డా? నీ ఉత్తరం మూడుసార్లు తడిమాను. మేక ఉంది, బీరు ఉంది, నోవేతు గొంతు ఉంది, ఎండలు కూడా ఉన్నాయి. రోలో లేడు. సెప్టెంబరు ఉత్తరంలో వాడి పేరు లేని పేరా లేదు. చుక్కలు కూడా ఎంత గట్టిగా కొట్టావంటే రెండుచోట్ల కాగితం చిరిగింది.

రోలో ఏడి?

వూయో

◆

ఎమ్దాంత్సానే
ఫిబ్రవరి

వూయో,

రోలో చచ్చిపోయాడు.

నువ్వు చెప్పినట్టే గదిలో పెట్టి తలుపు వేశాను. అందరికీ చెప్పాను. అమ్మకి రెండుసార్లు చెప్పాను. తెల్లవాళ్ళు కుక్కకి కూడా కొలిచి పెడతారు అని నవ్వింది, సరేలే అంది. ఇంటినిండా జనం, పాటలు, ఎవరో ఒకరు నా చెయ్యి పట్టుకుని పలకరించడం, ఆ హడావిడిలో నేను మళ్ళీ గది వైపు వెళ్ళలేదు.

సాయంత్రం చుట్టాలందరూ వెళ్ళాక అమ్మ నా పక్కన కూచుంది. చేతులు కడిగినా ఇంకా మాంసం వాసన వస్తోంది. ఎంత నెమ్మదిగా, ఎంత తృప్తిగా చెప్పిందో నీకు చుక్కల్లో ఎలా చెప్పను? అందరికీ వాటాలు పంచుతుంటే తనకి తోచిందట. ఈ ఇంట్లో వాటా అందని ప్రాణం ఒకటుంది, వాటా అందనివాడు ఇంటివాడెలా అవుతాడు అని. అల్లుడికి ఒక గిన్నెలో మంచి ముక్కలు తీసిందట. మెడముక్కలు, ఎముకతో సహా, తెంబిలేకి ఇష్టమైనవి. గదిలోకి వెళ్ళి వాడి ముందు కూచుందట.

"తెంబిలే పేరు చెప్పి పెట్టాను," అంది అమ్మ. "నాయనా, నీకూ నాకూ మధ్య ఉన్న కుక్క ఇవాళ మనింటి గిన్నెలో తింటోంది, ఇక ఆ పగ చాలు, ఇంటికి రా అన్నాను. అల్లుడు నా చెయ్యి నాకాడు. అప్పుడే వాడు వచ్చాడు, జొలెకా. నా బిడ్డ వచ్చాడు."

లేచి రోలో దగ్గరికి వెళ్ళాను. గిన్నె ఖాళీ. ఎముక ఒక్కటి కూడా మిగల్లేదు.

ఏమీ కాదులే అనుకున్నాను. ఆ మర్నాడు కొంచెం తిన్నాడు. తర్వాత తినడం మానేశాడు, కక్కాడు. ఎండ దెబ్బ అనుకుందామని చూశాను. మళ్ళీ ఆఫీసు తెరిచిన రోజు పట్టీ చేతిలోకి తీసుకుంటే లేచి నిలబడ్డాడు. వద్దులే అన్నాను. తల పట్టీలో తనే దూర్చాడు. అడ్డా దాకా నడిపించాడు. ఆ గొయ్యి దగ్గర ఆగాడు, పక్కకి తిప్పాడు, దారిలో పెట్టాడు. టాక్సీలో నా కాళ్ళమీద పడుకున్నాడు. దిగేటప్పుడు లేవలేదు.

పశువుల డాక్టరు కోసి చూశాడు. ఉడికిన ఎముక పచ్చిదానిలా ఉండదట, చీలిపోతుందట, చీలిక పేగుని కోసేసిందట. ఆ ముక్క నా అరచేతిలో పెట్టాడు. గోరంత ఉంది.

అమ్మకి కడుపులో పుండు అని చెప్పాను. అమ్మ నాకంటే ఎక్కువ ఏడ్చింది. తర్వాత తనే సర్దుకుంది. దారి చూపేవాడు కదా, తెంబిలేకి తోడుగా వెళ్ళాడు అంటోంది. వచ్చినవాళ్ళందరికీ ఇదే కథ. తను వాటా పెట్టడం, వాడు చెయ్యి నాకడం, బిడ్డ రావడం. చెప్పిన ప్రతిసారీ నేను పక్కన కూచుని వింటున్నాను. ఆ ముక్క నా పర్సులో ఉంది. పారెయ్యలేకపోతున్నాను.

జోలీ

◆

న్యూ బ్రైటన్
మార్చి

జోలీ,

లుంగిలేతో టెస్సాని బయటికి తీసుకెళ్ళమని చెప్పి తలుపేసుకుని ఏడ్చాను. నిన్ను ఈ దారిలోకి తోసింది నేనే.

ఏడవడం అయిపోయింది. ఇప్పుడు బుర్ర పెట్టి విను. నువ్వు పని చెయ్యాలి. కర్రతో ఆ గోతిలో మళ్ళీ పడ్డావంటే ఏమవుతుందో నువ్వే రాశావు. హెస్టర్‌కి నిజం చెప్పు. ఆవిడ రాక్షసి కాదు. లేకపోతే వీధిలో చెత్తకుప్ప దగ్గర తిన్నాడని చెప్పు, ఎవడు చూశాడు? నీకు ఇంకో కుక్క ఇస్తారు. నువ్వు ఫోన్ చెయ్యకపోతే నేను చేస్తాను, ఉత్తినే అనడం లేదు.

మీ అమ్మకి తెలిస్తే తెలియనీ. బాధపడుతుంది, సర్దుకుంటుంది. డెబ్భై దాటిన మనిషి, ఇంకెన్నాళ్ళుంటుంది? నీ ముందు బోలెడు జీవితం ఉంది. ఒక ముసలావిడ కథ నిలబెట్టడం కోసం నీ కాళ్ళు నువ్వు నరుక్కుంటావా?

వూయో

◆

ఎమ్దాంత్సానే
మార్చి

వూయోకజి,

"ఇంకెన్నాళ్ళుంటుంది" అన్న ఆ వాక్యాన్ని నేను చించేశాను. నీ ఉత్తరం మిగతాది దాచుకున్నాను, ఆ ముక్క మాత్రం పొయ్యిలో వేశాను. అమ్మ ఎప్పుడు పోతుందా అని నేను రోజూ పొద్దున లేచి చెవులు రిక్కించాలా, నాకు కుక్క రావడానికి?

హెస్టర్ ఫోన్ చేసింది. డాక్టరు కాగితం ఆవిడకి చేరింది. ఎవరు పెట్టారు అని అడిగింది. నేనే పెట్టాను, పండగ కదా అని పెట్టాను అన్నాను. "నీకు అంత బాగా నేర్పాను కదా, జొలెకా," అంది. అవును అన్నాను. నా పేరు కొట్టేశారు. ఇంక నాకు ఎప్పటికీ కుక్కనివ్వరు. నువ్వు ఇప్పుడు ఫోన్ చేసి వేరే మాట చెప్పావో, నీకూ నాకూ ఇదే ఆఖరి ఉత్తరం.

చెత్తకుప్ప అబద్ధం నాకూ తోచింది. ఆ అబద్ధంతో కొత్త కుక్క వస్తుంది. వచ్చాక ఏమవుతుంది? మళ్ళీ ఏదో కార్యం వస్తుంది. మా ఇంట్లో రాకుండా ఉండదు. అమ్మ మళ్ళీ గిన్నె తీస్తుంది. పెట్టొద్దు అంటే ఎందుకు పెట్టొద్దు అంటుంది, మొదటి అల్లుడికి పెట్టానుగా, వాడు తిన్నాడుగా అంటుంది. అప్పుడు నేనేం చెప్పాలి? ఎందుకు పెట్టొద్దో చెప్పాలి. చెప్పిన క్షణంలో ఏం జరుగుతుందో ఆలోచించు. వాణ్ణి తనే చంపిందని ఒక్కటే కాదు. తను చేసిన రాజీని తెంబిలే తోసేశాడని అనుకుంటుంది. బిడ్డ ఇంటికి రాలేదని అనుకుంటుంది. కంచె దగ్గర ఒకసారి పోయాడు, ఇప్పుడు మళ్ళీ పోతాడు. ఈసారి అమ్మ చేత్తోనే పోతాడు.

ఇరవై ఏళ్ళ తర్వాత అమ్మ నిద్రపోతోంది, వూయో. నేను గోడకి చెవి పెట్టి ఆ గురక వింటున్నాను.

కుక్కా కర్రా అని నువ్వూ నేనూ ఏడాది పొడుగునా వాదించుకున్నాం. ఇప్పుడు ఎంచుకోవడానికి ఏముంది? కర్రే.

జొలెకా

◆

న్యూ బ్రైటన్
ఏప్రిల్

జోలీ,

ఫోన్ చెయ్యను. ఆ వాక్యం నేను రాయకుండా ఉండాల్సింది.

దీంతోపాటు నా మడతకర్ర పంపుతున్నాను. టెస్సా వచ్చాక వాడలేదు. కొస కొత్తది వేయించాను. గుండ్రంది, గోతుల్ని కొంచెం ముందే పసిగడుతుంది. కొంచెమే, ఎక్కువ ఆశ పెట్టుకోకు.

నీ దగ్గరికి రావాలనుంది. టెస్సాతో మీ ఇంటికి ఏ మొహంతో రాను? మాడ్లోమో దానికీ వాటా తీస్తుంది.

వూయో

◆

ఎమ్దాంత్సానే
జూన్

వూయో,

కర్ర అందింది. మంచి కర్ర. మే నెలలో దాంతోనే ఒకసారి పడ్డాను, అదే గోతిలో కాదు, పక్కది. ఈసారి మోకాలు. ఉద్యోగం ఇంకా ఉంది. ఎన్నాళ్ళో తెలీదు.

అమ్మ సంగతి రాయాలి, నీకు తప్ప ఎవరికి రాయను?

ఇంకో అల్లుణ్ణి ఎప్పుడు తెస్తావు అని ఏప్రిల్ నుంచీ అడుగుతోంది. మొదట్లో మెల్లగా అడిగేది. నేను అవసరం లేదు, కర్ర చాలు అన్నాను. తర్వాత గట్టిగా అడిగింది. నోవేతు చేత అడిగించింది. రోలో పట్టీ బడికి తిప్పి పంపమన్నారని చెప్తే ఇవ్వనంది, తన మంచం కింద దాచుకుంది. పోయిన ఆదివారం నేను మోకాలికి కట్టు కట్టుకుంటుంటే నా ఎదురుగా నిలబడింది.

"నీకు గుండె లేదే," అంది. "ఏనాడైనా వాడి కోసం ఏడ్చావా? నేను ఏడ్చాను, కుక్కలంటే ఒళ్ళు మండేదాన్ని. నువ్వు ఏడవలేదు. చచ్చాడు, కర్ర పట్టుకున్నావు, అంతే. నీకు వాడు చెప్పుల జతతో సమానం."

నేను కట్టు ముడి వేస్తున్నాను. నోరు తెరిస్తే ఏం బయటికొస్తుందోనని ముడి విప్పి మళ్ళీ వేశాను. అవునమ్మా అన్నాను. నాకు కుక్కలు పడవు, అంతే అన్నాను.

సోమవారం పొద్దున నేను బయల్దేరుతుంటే గుమ్మం దగ్గర తోలుపట్టీ చప్పుడయింది. ఆ కొక్కెం చప్పుడు వినగానే నా ఎడమచెయ్యి దానంతటదే కిందికి వెళ్ళింది. అమ్మ తనే పట్టీ చేత్తో పట్టుకుని నా ముందు నిలబడి ఉంది. పిడి నా చేతిలో పెట్టింది.

"ఆ తెల్లావిడ చేసింది నేను చెయ్యలేనా?" అంది. "నీకు బుద్ధొచ్చి ఇంకో అల్లుణ్ణి తెచ్చుకునేదాకా నేనే నీ కుక్కని. పద, నడువు అను."

అనలేకపోయాను. తనే కదిలింది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, అడుగు తీసి అడుగు వెయ్యలేదు. రెండు ఇళ్ళకోసారి ఆగి ఊపిరి పీల్చుకుంటుంది. గొయ్యి దగ్గర గొయ్యి అని అరిచి, పట్టీని పక్కకి లాగి, నేను దాటేదాకా నా మోచెయ్యి పట్టుకుంది. వీధిలో జనం నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. అడ్డా దగ్గర నన్ను టాక్సీ ఎక్కించి, పట్టీ భుజాన వేసుకుని, ఒంటరిగా వెనక్కి నడుచుకుంటూ పోయింది. అమ్మ దగ్గు చాలా దూరం దాకా వినబడింది.

అప్పట్నుంచీ రోజూ ఇలాగే వెళ్తున్నాం. రేపు కూడా పొద్దున్నే లేవాలి.

జోలీ